రోగం రెండు రోజులు, రసీదు నూరేళ్లు

అమెరికాలో జబ్బు పడడానికీ ఒక పొదుపు ఖాతా ఉంది. 2003లో చేసిన చట్టం పుణ్యమా అని 2004 జనవరి నుంచి నడుస్తోంది. పేరు హెల్త్ సేవింగ్స్ అకౌంట్. డాలస్‌లోనూ న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ మనవాళ్లు ముద్దుగా హెచ్‌ఎస్‌ఏ అంటారు.

ఇది తెరవాలంటే ముందు మీ ఆరోగ్య ఇన్సూరెన్స్ అంతంతమాత్రంగా ఉండాలి. దాన్ని మర్యాదగా హై డిడక్టిబుల్ ప్లాన్ అంటారు. 2025 లెక్కన, కుటుంబం మొత్తానికైతే ఏడాది వైద్య ఖర్చులో మొదటి 3,300 డాలర్లు, కొన్ని ప్లాన్లలో ఇంకా ఎక్కువే, మీరే పెట్టుకోవాలి. ఆ మొత్తమే డిడక్టిబుల్. ఆ అర్హత సాధించి వెళ్తే బ్యాంకువారు సాదరంగా కూర్చోబెట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంటి అడ్రసు రాయించుకుని, మీరు పోయాక డబ్బు ఎవరికివ్వాలో కూడా అడుగుతారు. ఆరోగ్యం కోసం వచ్చినవాడికి ఇదో శుభారంభం.

లాభం మాత్రం నిజం. వేసేటప్పుడు పన్ను లేదు, పెరిగితే లేదు, వైద్యానికి తీసినా లేదు. (న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్ర పన్ను దగ్గర ఈ ముచ్చటకి ఒప్పుకోవు. ఎడిసన్‌వారు క్షమించాలి.) టూత్‌పేస్టు కొంటే చెల్లదు, దంతం పుచ్చిపోయాక పీకిస్తే చెల్లుతుంది. అరవై అయిదు నిండకుండా వేరే ఖర్చుకి వాడారా, పన్నుతో పాటు 20 శాతం జరిమానా.

అయితే తెలిసినవాళ్లు చెప్పే అసలు కిటుకు వేరు. జబ్బు చేసినప్పుడు ఈ డబ్బు ముట్టుకోకూడదట! బిల్లు జేబులోంచి కట్టి, రసీదు దాచి, ఖాతాలోది ఫండ్లలో పెంచుకుని, ఇరవై ఏళ్ల తర్వాత తీరిగ్గా తీసుకోవాలట. రూల్సు ఒప్పుకుంటాయి కూడా. ఒప్పుకోనిది రసీదే. ఫార్మసీ కాగితం మీద అక్షరాలు రెండు వేసవులకే వెలిసిపోయి, మందు పేరు పోయి షాపు పేరు మిగులుతుంది. సరే, ఆ జేబు ఉన్నవాడి సంగతి అది. లేనివాడికి డిడక్టిబుల్ వస్తుంది, ఖాతా వస్తుంది, అందులో వేయడానికి డబ్బొక్కటే రాదు. ఆరోగ్యంగా ఉండి, పైగా డబ్బున్నవాడి కష్టాలు ప్రభుత్వం ఇంతగా అర్థం చేసుకోవడం ముచ్చటేస్తుంది.

ఇక తెనాలిలో నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి ఇందులోంచి తీద్దామనుకుంటే కుదరదు. అమెరికా పౌరుడు కాని తండ్రి ఇండియాలో ఉంటే ట్యాక్సు లెక్కల్లో డిపెండెంట్, అంటే మీ మీద ఆధారపడ్డవాడు, కాడు. అదే మెక్సికోలోనో కెనడాలోనో కాపురముంటే, మిగతా షరతులు కుదిరితే, అవుతాడు. కుంటుతున్న మనిషిని మెక్సికోకి మార్చే విమానం టికెట్టు వైద్య ఖర్చు కిందికి వస్తుందేమో, పన్ను లెక్కలు చూసే సీపీఏగారిని అడిగి చూడండి.