ఎర్ర గీత కొట్టే ముందు మిల్టన్‌ను ఒకసారి చదవండి

మా అన్నయ్య కూతురు ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతోంది. ఈ సాయంత్రం, పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి జాన్ మిల్టన్ కావ్యం మీద రాసిన పరీక్ష పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘ప్యారడైజ్ లాస్ట్‌లో సైతాను డాలును మిల్టన్ టెలిస్కోపులో కనిపించే చంద్రుడితో పోల్చాడు’ అని రాసింది. ఆ వాక్యం మీద కాగితం చిరిగేంత గట్టిగా ఎర్ర గీత. పక్కన ‘అనవసరం. మిల్టన్ మతకవి’ అని వ్యాఖ్య. పదికి మూడు మార్కులు.

ఒళ్లు మండిపోయింది. అనవసరం ఏమిటి? ఆ పోలిక మొదటి సర్గలోనే ఉంది! దేవుడి తీరు న్యాయమైనదని మనుషులకు చూపిస్తానని మొదలుపెట్టిన కావ్యం అది. 1667లో అచ్చయింది. అందులోనే ఇటలీలోని ఫియెసోలె కొండ మీద నుంచి, సాయంత్రం వేళ, టెలిస్కోపుతో చంద్రుడి మీద నదులూ పర్వతాలూ వెతుకుతున్న టస్కనీ మనిషి కనిపిస్తాడు. ఆ మనిషి టెలిస్కోపుతో ఆకాశాన్ని పరిశీలించిన శాస్త్రవేత్త గెలీలియో; ఐదో సర్గకు వచ్చేసరికి ఆ పేరు పెట్టే చెప్పాడు. వయసులో ఉండగా ఇటలీ వెళ్లి, చర్చి మతవిచారణకు బందీ అయిన ఆ ముసలాయనను కలిశానని 1644లో తానే రాసుకున్నాడు. కావ్యం అచ్చయ్యేనాటికి మిల్టన్‌కు చూపు లేదు. కళ్లు పోయిన కవి ఆ టెలిస్కోపును మాత్రం వదలలేదు. దానిని అనవసరం అనడానికి చేయి ఎలా వచ్చింది?

మిల్టన్ కంటే ముందు తరం ఇంగ్లిష్ కవి జాన్ డన్ సంగతీ అంతే. కొత్త విజ్ఞానం అన్నిటినీ సందేహంలో పడేస్తోందని 1611లో కవిత రాసినవాడే, పదేళ్లకు లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చికి డీన్, అంటే పెద్ద మతాధికారి, అయ్యాడు. ఆ సందేహమూ ఆ భక్తీ ఒకే గుండెలోవి. అదే శతాబ్దంలో తన మతవిశ్వాసం గురించి పుస్తకం రాసిన థామస్ బ్రౌన్ వృత్తిరీత్యా వైద్యుడు. పరీక్షల గైడ్లలో మాత్రం మతం ఒక పాఠం, సైన్సు ఇంకో పాఠం, రెండింటికీ మధ్య యుద్ధం.

అసలు నా కడుపుమంట ఈ నాటిది కాదు. నేను చదువుకునే రోజుల్లో ప్యారడైజ్ లాస్ట్ ఎనిమిదో సర్గ దగ్గరికి రాగానే మా అధ్యాపకుడు ‘ఇది పరీక్షకు రాదు’ అని పుస్తకం మూసేశారు. ఆకాశం తిరుగుతుందా, భూమి తిరుగుతుందా అన్న సందేహం ఆదాము దేవదూత ముందు పెట్టేది అక్కడే. దేవదూత రెండు వాదాలూ వినిపిస్తాడు, ఏదీ తేల్చడు. ఆ కాలపు మనిషి ఊగిసలాట మొత్తం ఆ కొన్ని పేజీల్లో ఉంది. వాటిని నేను పాతికేళ్ల తర్వాత ఒంటరిగా చదువుకోవలసి వచ్చింది. తరగతిలో చదివి ఉంటే ఎన్ని అడిగేవాడినో!

పిల్ల ఏడుస్తూ పడుకుంది. రేపు పొద్దున మొదటి సర్గలో ఆ పేజీ తీసి, పుస్తకం పట్టుకుని, తనతో పాటు కాలేజీకి నేనూ వెళ్తున్నాను.