ఇమడాల్సింది ఉద్యోగి ఒక్కడేనా?

పదో తరగతి ఫలితాలు రాగానే తెలుగు ఇళ్లలో చర్చంతా ఎంపీసీయా, బైపీసీయా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. పిల్లాడు నలుగురిలో ఉంటే హుషారుగా ఉంటాడా, ఒక్కడే కూర్చుని ఒక లెక్కతో గంటలు గడపగలడా, పాడైన ఫ్యాను విప్పి బిగించడం ఇష్టపడతాడా అని అడిగేవారు తక్కువ. మార్కులు, ఫీజులు, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మాత్రం తప్పకుండా మాటల్లోకి వస్తాయి. ఆ తర్వాత బీటెక్, క్యాంపస్ సెలక్షన్, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం. పాతికేళ్ల వయసులో 'ఈ పని నాకు పడటం లేదు' అంటే ఇంట్లో వచ్చే జవాబు ఒకటే: అలవాటు పడు.

ఈ లోటు పూడుస్తామంటూ ఇప్పుడు కెరీర్ కౌన్సెలింగ్ పరీక్షలు వచ్చాయి. కొన్ని ప్రశ్నలకు టిక్కులు పెడితే మీ వ్యక్తిత్వానికి ఏ వృత్తి సరిపోతుందో చెప్పేస్తాయి. వీటిలో చాలావాటికి మూలం అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం. ఆయన మనుషులను ఆరు రకాలుగా చూశాడు: చేతిపని మీద మక్కువ ఉన్నవారు, శోధించేవారు, కళాభిరుచి గలవారు, సాటివారికి సాయపడేవారు, ముందుండి నడిపించేవారు, లెక్కాపత్రం పద్ధతిగా ఉంచేవారు. పని వాతావరణాలనూ ఇదే ఆరు రకాలుగా విభజించాడు. ఒక చోటి వాతావరణాన్ని తయారు చేసేది అక్కడ పనిచేసే మనుషులేనన్నది ఆయన వాదన. మన దగ్గర మొదటి సగమే అమ్ముడవుతోంది. విద్యార్థిని పరీక్షించేవారు ఉన్నారు గానీ, ఆఫీసును పరీక్షించేవారు లేరు.

మనిషి అభిరుచికీ వృత్తికీ పొంతన ఒక్కటే చాలదని తర్వాత జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ పొంతన కుదిరితే సంతృప్తి పెరిగే మాట నిజమే. కానీ మనం అనుకున్నంతగా కాదు. రోజూ చేసే పనిలో మన మాట ఎంత చెల్లుతుందన్నది కూడా పెద్ద విషయమే. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగులపై దశాబ్దాల పాటు సాగిన వైట్‌హాల్ అధ్యయనాల్లో, తమ పనిపై తమకు పట్టు లేనివారిలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అది సంతృప్తిని దాటి ప్రాణం దాకా వచ్చిన సంగతి.

దీనికి ఉదాహరణ మన బడుల్లోనే ఉంది. పిల్లలంటే ఇష్టంతో, ఓపికతో ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చినవారికి హాలండ్ లెక్క ప్రకారం అంతకన్నా తగిన ఉద్యోగం ఉండదు. అలాంటివారి చేత ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించారు. ముఖ హాజరు, భోజనం వివరాలు, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. ఉపాధ్యాయ సంఘాలు రోడ్డెక్కింది చదువు చెప్పడం ఇష్టం లేక కాదు, చెప్పే సమయం మిగలక. ఇక్కడ మనిషీ వృత్తీ చక్కగా కుదిరాయి. చెడింది వాతావరణం.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఇదే కథ మరోలా నడుస్తుంది. కోడ్ బాగా రాసే, పెద్దగా మాట్లాడని ఉద్యోగికి బహుమతిగా టీమ్ లీడ్ పదవి ఇస్తారు. పొద్దుటి నుంచి మీటింగులు, రాత్రి క్లయింట్ కాల్స్, మధ్యలో పదిమంది అప్రైజల్ తగాదాలు. ఏడాది తిరిగేసరికి మంచి ప్రోగ్రామర్ పోయి, టెన్షన్ పడే మేనేజర్ మిగులుతాడు. మనుషులను నడిపిస్తేనే జీతం పెరుగుతుందన్న ఏర్పాటే ఇందుకు కారణం. అతని స్వభావంలో లోపమేమీ లేదు.

తరచూ ఆందోళన పడే స్వభావం ఉన్నవారికి ఎక్కడున్నా సంతృప్తి కొంత తక్కువేనన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే యాజమాన్యాలకు అదొక సాకు కాకూడదు. పదిమందిలో ఒకరు విసుక్కుంటే స్వభావం అనుకోవచ్చు. సగం టీము ఏడాదిలో రాజీనామా చేస్తే చూడాల్సింది ఆ గదినే.

ప్రభుత్వాల దృష్టి మాత్రం గడియారం మీదే ఉంది. తెలంగాణ 2025లో వాణిజ్య సంస్థల్లో రోజువారీ పని గంటల పరిమితిని, వారానికి 48 గంటల హద్దుతో, పది గంటలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది పది గంటలకు వెళ్లింది. వ్యాపార సౌలభ్యం గురించి ఎంతో మాట్లాడారు. ఆ పది గంటలు ఎలా గడుస్తాయన్నది ఎవరికీ పట్టలేదు.

ఇంటర్ విద్యార్థులకు పరీక్షల తర్వాత కనీసం ఒక వారం ఆస్పత్రి, వర్క్‌షాపు, బ్యాంకు, పొలం దగ్గర జరిగే పనిని కళ్లారా చూపించాలి. బోధనకు సంబంధం లేని యాప్ పనులను ఉపాధ్యాయుల నుంచి తీసేయాలి. కంపెనీలు మేనేజర్ కాకుండానే జీతం, హోదా పెరిగే దారి తెరవాలి. వెళ్లిపోయేవారిని 'ఎందుకు మానేస్తున్నారు' అని చాలా సంస్థలు అడుగుతూనే ఉన్నాయి. ఆ జవాబులు హెచ్‌ఆర్ ఫైళ్లలో పడి ఉంటున్నాయి. ఒకే మేనేజర్ కింద నుంచి వరుసగా ఎందరు వెళ్లిపోయారో, ఆ లెక్కనైనా ఏటా డైరెక్టర్ల బోర్డు ముందు పెట్టాలి.