కేప్‌టౌన్‌లో అమెజాన్: రాకముందు గడిచిన 23 నెలలు

2022 జూన్‌లో అమెజాన్ లోపలి కాగితాలు కొన్ని బయటికి పొక్కాయి. కొత్తగా ఐదు దేశాల్లో ఆన్‌లైన్ కొట్లు తెరవాలన్న ప్లాన్ అది. బెల్జియం, కొలంబియా, చిలీ, నైజీరియా, దక్షిణాఫ్రికా. ఆఫ్రికా భాగానికి లోపల పెట్టుకున్న పేరు 'ప్రాజెక్ట్ ఫెలా'. దక్షిణాఫ్రికాలో 2023 ఫిబ్రవరికల్లా మొదలుపెట్టాలని అందులో రాసుకున్నారు. ఆ ఫిబ్రవరి వచ్చింది, పోయింది, అమెజాన్ జాడ లేదు. ఆ ఏడాది అక్టోబరులో 'వచ్చే ఏడాది వస్తున్నాం' అని కంపెనీయే ప్రకటించింది. చివరికి 2024 మే 7న సైటు తెరుచుకుంది.

ఇలాంటప్పుడు పత్రికలన్నీ వేసే ప్రశ్న ఒకటే. ఆ పెద్ద కంపెనీ దిగాక స్థానిక వ్యాపారులు బతుకుతారా? దక్షిణాఫ్రికా సంగతిలో నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది, కాగితాలు పొక్కిన నాటికీ సైటు తెరిచిన నాటికీ మధ్య గడిచిన 23 నెలలు. అమెజాన్ పందెంలోకి దిగేలోగానే ఆట సగం అయిపోయింది. ఆడినవాళ్లలో కొందరిని అది లెక్కలోకి తీసుకుందో లేదో అనుమానమే.

నిజానికి కేప్‌టౌన్ అమెజాన్‌కి కొత్త ఊరేం కాదు. ఇవాళ ఆ కంపెనీ లాభాల్లో సగానికి పైగా తెచ్చిపెడుతున్నది సరుకుల అమ్మకం కాదు, క్లౌడ్ వ్యాపారం, అంటే ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లని అద్దెకివ్వడం. ఆ వ్యాపారానికి గుండెకాయ లాంటి ఈసీ2 సర్వీసు 2006లో బయటికొచ్చింది. దాన్ని తయారు చేసింది కేప్‌టౌన్‌లో కూర్చున్న చిన్న ఇంజనీర్ల బృందం. 2020లో ఆ ఊళ్లోనే డేటా సెంటర్లు కూడా పెట్టారు. అంటే దాదాపు ఇరవై ఏళ్లు అక్కడి వాళ్లకి జీతాలిచ్చి పని చేయించుకుంది గానీ, అక్కడి వాళ్లకోసం ఒక కొట్టు మాత్రం తెరవలేదు. హైదరాబాద్ వాళ్లకి ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2013 జూన్‌లో అమెజాన్ డాట్ ఇన్ మొదలయ్యేనాటికే మన ఊళ్లో దాని ఆఫీసులు నడుస్తున్నాయి. 2019లో నానక్‌రామ్‌గూడలో 15 వేల మంది కూర్చునే భవనం కూడా కట్టుకుంది. ఒక ఊరి చదువుకున్న పిల్లల్ని పనిలో పెట్టుకోవడానికి నాలుగు గోడలూ ఇంటర్నెట్టూ చాలు. అదే ఊళ్లో ఒక ప్రెషర్ కుక్కర్‌ని మూడో అంతస్తులో ఉన్న ఇంటికి చేర్చాలంటే సందులు తెలియాలి.

కేప్‌టౌన్‌లో ఆఫీసు కట్టబోయిన చోటు మీద జరిగిన గొడవ వ్యాపారం పేజీల్లో పెద్దగా కనపడలేదు గానీ, చెప్పకుండా దాటేయలేను. లీస్‌బీక్, బ్లాక్ అనే రెండు నదులు కలిసే చోట, రివర్ క్లబ్ అనే స్థలంలో 450 కోట్ల ర్యాండ్ల (అక్కడి డబ్బు) ప్రాజెక్టు అది. అందులో ముఖ్యమైన కిరాయిదారు అమెజాన్. ఆ నేల తమ పూర్వీకులదని అక్కడి మూలవాసులైన ఖోయ్ తెగల వాళ్లు కొందరు కోర్టుకెళ్లారు. అదే తెగలకు చెందిన ఇంకొందరు ప్రాజెక్టు కావాలన్నారు. 2022 మార్చిలో కోర్టు పని ఆపించింది, నవంబరులో పై బెంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అభ్యంతరం చెప్పినవాళ్లు గుర్తు చేసిన చరిత్రలో మనకి తెలిసిన పేరొకటుంది. పోర్చుగీసు ఇండియాకి మొదటి వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి అల్మీడా. కొచ్చిలో అధికారం అప్పగించి ఓడలో ఇంటికి పోతూ దారిలో ఆగి, 1510 మార్చి 1న ఖోయ్ వాళ్ల చేతిలో చచ్చిపోయింది ఆ ప్రాంతంలోనే. ఆ తర్వాత 1657లో డచ్ ఈస్టిండియా కంపెనీ తన మాజీ ఉద్యోగులకి పొలాలు పంచి ఇచ్చింది కూడా లీస్‌బీక్ ఒడ్డునే. బయటినుంచి వచ్చిన ఒక వ్యాపార కంపెనీ ఆ నది పక్కన నేల చూసుకోవడం మొదటిసారి కాదన్నమాట.

ఇక అసలు పోటీదారు దగ్గరికి వద్దాం. పేరు టేకలాట్, అక్కడి ఆన్‌లైన్ కొట్టు. 2011లో మొదలైంది. తర్వాత దక్షిణాఫ్రికా దిగ్గజం నాస్పర్స్ చేతికి వచ్చింది. నాస్పర్స్ తన సొంత సైటు కలహారిని కూడా దాంట్లోనే కలిపేసింది. అమెజాన్‌తో తలపడబోయే స్థానిక సంస్థ అనగానే మన కళ్ల ముందు ఒక బక్కపలచని చిన్న కంపెనీ మెదులుతుంది. ఇక్కడ అది పొరపాటు. 2001లో చైనాలో టెన్సెంట్ అనే చిన్న కంపెనీలో 3.2 కోట్ల డాలర్లు పెట్టి, దాంతో ప్రపంచంలోని పెద్ద పెట్టుబడిదారుల్లో ఒకటిగా ఎదిగిన సంస్థ నాస్పర్స్. మన ఫ్లిప్‌కార్ట్‌లో కూడా అది ఒకప్పుడు వాటాదారు. భారత్‌లో అమెజాన్ డిస్కౌంట్ల యుద్ధం చేస్తున్న రోజుల్లో, ఆ దెబ్బలు ఎలా తగులుతాయో అవతలి పక్కన కూర్చుని చూసింది. 2018లో తన 11 శాతం వాటాని వాల్‌మార్ట్‌కి అమ్మి 220 కోట్ల డాలర్లు జేబులో వేసుకుంది. దుబాయ్ కేంద్రంగా నడిచిన సూక్‌లో కూడా అది పెద్ద వాటాదారే, 2017లో ఆ సైటుని కొన్నది సాక్షాత్తూ అమెజాన్. ఒకచోట తలపడింది, ఇంకోచోట అమ్మేసింది. మూడోసారి ఎదురుపడింది సొంత ఊళ్లో. కాబట్టి అమెజాన్ ఏం చేయబోతోందో టేకలాట్‌కి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఏళ్ల తరబడి నష్టాలు భరిస్తూ టేకలాట్ కూడబెట్టుకున్న ఆస్తి సైటు కాదు, బండ్లు. 2014లోనే మిస్టర్ డెలివరీ అనే సంస్థని కొనేసి సొంత డెలివరీ మనుషుల్ని తయారు చేసుకుంది. ఎందుకంటే అక్కడి తపాలా శాఖని నమ్ముకునే పరిస్థితి లేదు. సౌత్ ఆఫ్రికన్ పోస్టాఫీసు అప్పుల్లో కూరుకుపోయి 2023లో దివాలా గుమ్మం దాకా వెళ్లింది. ఆ ఏడాదే కరెంటు కోతలు కూడా ఎప్పుడూ లేనంతగా నడిచాయి, ఏడాదిలో 300కు పైగా రోజులు. కోత అంటే ట్రాఫిక్ సిగ్నళ్లు ఆరిపోవడం, అపార్టుమెంట్ గేటు తెరుచుకోకపోవడం, గోడౌన్‌లో జనరేటర్ డీజిల్ ఖర్చు. అమెజాన్ ఎందుకు ఆలస్యం చేసిందో అది చెప్పలేదు. కానీ 2024 మార్చి చివర్లో కోతలు ఆగాయి, మేలో అమెజాన్ వచ్చింది. కాకతాళీయమే కావచ్చు.

అడ్రసుల సంగతి ఇంకో రకం కష్టం. మన దగ్గర టౌన్‌షిప్ అంటే గేటూ పార్కూ ఉన్న కాలనీ. అక్కడ ఆ మాటకి అర్థం తలకిందులు. వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లని ఊరి బయటికి నెట్టి కట్టించిన పేటలవి. వాటిలో చాలాచోట్ల రేకుల ఇళ్లకి నంబర్లు ఉండవు, వీధులకి పేర్లుండవు. దోపిడీల భయంతో కొన్ని పేటల్లోకి కొరియర్ బండ్లే వెళ్లవు. ఇంటి నంబరు ఉన్న మన ఊళ్లలో కూడా డెలివరీ బాయ్ ఫోన్ చేసి 'అన్నా, రామాలయం దగ్గరున్నా, ఇప్పుడెటు?' అని అడగని రోజు లేదు. అక్కడ ఫోన్ చేసినా వచ్చే దారి ఉండదు. అందుకే ఆ దేశంలో పికప్ పాయింట్ల అలవాటు పెరిగింది. దగ్గరి కొట్లోనో పెట్రోల్ బంకులోనో పార్సెల్ దింపేస్తే మనమే వెళ్లి తెచ్చుకుంటాం. అమెజాన్ ఈ పాఠాన్ని బాగానే చదువుకుని వచ్చిందని ఒప్పుకోవాలి. మొదటి రోజే 3,000కు పైగా పికప్ పాయింట్లతో తెరిచింది. 20 రకాల సరుకులు పెట్టింది, మొదటి ఆర్డరుకి డెలివరీ ఉచితం అంది, తర్వాతి నుంచి 500 ర్యాండ్లు దాటితే ఉచితం. ప్రైమ్ సభ్యత్వం మాత్రం తేలేదు. ఈలోగా టేకలాట్ తనే ప్రైమ్ లాంటి నెలవారీ సభ్యత్వాన్ని అదే ఏడాది తెచ్చేసింది. సొంత బొమ్మని సొంత వాళ్లకన్నా ముందు ఎదుటివాడు ఆడించాడు.

ఈ లెక్కల్లో ఎవరూ పెద్దగా చూడని మూల ఒకటుంది, పచారీ సామాన్లు. షాప్‌రైట్ గ్రూపువాళ్లు తమ చెకర్స్ సూపర్ మార్కెట్ల నుంచి గంటలోపు ఇంటికి చేర్చే సిక్స్టీ60 అనే యాప్‌ని 2019 నవంబరులో మొదలుపెట్టారు. కొవిడ్ రావడానికి కొన్ని నెలల ముందు. ఊరూరా ఉన్న సూపర్ మార్కెట్ అల్మారాలే దాని గోడౌన్లు, డబ్బా పెట్టుకున్న బైకులే దాని లారీలు. పాలూ బ్రెడ్డూ గంటలో వచ్చే అలవాటు పడ్డ మధ్యతరగతి కుటుంబానికి, 'రేపటికల్లా తెస్తాం' అన్న మాట ఏమంత గొప్పగా వినపడుతుంది?

అన్నిటికన్నా విడ్డూరం 2024 జనవరిలో జరిగింది. అందరూ ముందు తలుపు దగ్గర అమెజాన్ కోసం కాపలా కాస్తుంటే, చైనా సైటు టెము కిటికీలోంచి దూరింది. అప్పటికి దానికి అక్కడ సొంత గోడౌన్ లేదు, స్థానికంగా నిల్వ చేసిన సరుకు లేదు. చైనాలో ప్యాక్ చేసిన పార్సెల్ నేరుగా జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో దిగేది. బట్టలమ్మే షీన్ యాప్ అంతకుముందు నుంచే అలా అమ్ముతోంది. కిటికీ తెరిచి పెట్టింది కస్టమ్స్ నిబంధన. మామూలుగా బట్టలు దిగుమతి చేసుకునే వ్యాపారి 45 శాతం సుంకం, దానిపైన 15 శాతం వ్యాట్ కట్టాలి. 500 ర్యాండ్ల లోపు చిన్న పార్సెల్‌కి మాత్రం అప్పట్లో 20 శాతం సుంకం కడితే సరిపోయేది, వ్యాట్ ఉండేది కాదు. సరిగ్గా ఆ 500 ర్యాండ్ల గీతకి పైన ఉచిత డెలివరీతో అమెజాన్, కింద సుంకం రాయితీతో టెము. మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు, అంటే ఒక సామాన్య కుటుంబం ఫోన్‌లో కొనే చాలా వస్తువులు గీత కిందే ఉంటాయి. స్థానిక బట్టల కంపెనీలు గగ్గోలు పెట్టాక 2024 సెప్టెంబరు 1 నుంచి చిన్న పార్సెళ్లకి కూడా వ్యాట్ వేశారు. మన దేశం పట్టింది మరో దారి. భద్రత కారణం చూపి 2020 జూన్‌లో షీన్ యాప్‌ని నిషేధించింది, 2025 ఫిబ్రవరిలో అది రిలయన్స్ చేయి పట్టుకుని తిరిగొచ్చింది. ఆ దారి మంచిదని నేను అనను. పోటీని ఆపడం కాదు, దాని తాళం చెవిని ఒకరి చేతికి ఇవ్వడం అది.

దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఎంచుకున్నది నెమ్మదైన దారి. వ్యాపార పోటీ సరిగా సాగుతోందా అని చూసే అక్కడి కాంపిటిషన్ కమిషన్ ఆన్‌లైన్ వేదికల మీద విచారణ చేసి 2023 జులై 31న తుది నివేదిక ఇచ్చింది. టేకలాట్ తన సైటులో ఇతరుల సరుకూ అమ్మిస్తుంది, సొంత సరుకూ అమ్ముకుంటుంది. ఈ రెండు విభాగాల మధ్య గోడ కట్టమని కమిషన్ చెప్పింది. చిన్న వ్యాపారి ఏది ఎంతకి అమ్ముతున్నాడో చూసి, అదే సరుకు తను పెట్టుకోకూడదని. మన దగ్గర అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద కిరాణా, మొబైల్ వ్యాపారులు ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదు సరిగ్గా ఇదే. చిత్రమేమిటంటే, ఆ షరతు పడేనాటికి అమెజాన్ ఇంకా రాలేదు. ఉన్నవాడి కాళ్లకి తాడు కట్టాక రావాల్సినవాడు వచ్చాడు. ఇది అన్యాయమని టేకలాట్ వైపు నుంచి అనొచ్చు. నాకైతే కమిషన్ చేసింది సరైన పనే అనిపిస్తుంది. నియమం ముందే ఉంటే వచ్చేవాడు దాన్ని చూసుకునే వస్తాడు. మనం 2013లో తలుపు తీసి, 2019 ఫిబ్రవరి నుంచి విదేశీ పెట్టుబడుల (ఎఫ్‌డీఐ) మీద కొత్త షరతులు పెట్టాం. అప్పటికి ఆ ఇల్లు వాళ్లు సర్దేసుకున్నారు.

బయటి వ్యాపారి అంటే భయం ఆ నేల మీద కొత్తది కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ఓడ డర్బన్‌లో దింపినవాళ్లతో మొదలై, చెరకు తోటలకి వెళ్లిన కూలీల్లో వేలాదిమంది తెలుగువాళ్లున్నారు. అగ్రిమెంటు తీరాక కొందరు భారతీయులు తోటలు వదిలి కూరగాయలు పండించి గంపల్లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. తర్వాత సొంత ఖర్చులతో వచ్చిన గుజరాతీలు కొట్లు పెట్టారు. తెల్ల వ్యాపారులకి కన్నుకుట్టి, 1897లో డర్బన్ ఉన్న నాటల్ ప్రాంతపు ప్రభుత్వం డీలర్స్ లైసెన్సుల చట్టం తెచ్చింది. లైసెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం, కోర్టుకి వెళ్లే దారి కూడా దాదాపు మూసేశారు. గాంధీ ఆ చట్టం మీద పిటిషన్లు రాస్తూ పోయారు. 'స్థానిక వ్యాపారిని కాపాడాలి' అన్న మాట ఎక్కడ వినపడినా ఆ చట్టం గుర్తొచ్చి నేను కాస్త ఆగుతాను. ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నారన్నది ప్రతిసారీ అడగాల్సిందే.

సరే, చివరికి ఎవరు మునిగారు? టేకలాట్ మునగలేదు. అమెజాన్ తెరిచిన కొన్ని నెలల్లోనే మూతపడ్డ పేరు జాండో. ఆఫ్రికా అంతటికీ అమెజాన్ అనిపించుకున్న జుమియా కంపెనీ దక్షిణాఫ్రికాలో నడిపిన ఫ్యాషన్ సైటు అది. 2024 చివర్లో జుమియా దాన్ని మూసేసింది, ట్యునీషియాలో కూడా దుకాణం కట్టేసింది. అమెజాన్ బట్టలతో దాన్ని కొట్టిందని చెప్పలేం. పైన గోడౌన్లున్న పెద్దవాళ్లు, కింద సుంకం తక్కువున్న పార్సెళ్లు, మధ్యలో రెండూ లేని సైటుకి నిలబడే చోటే మిగల్లేదు. లాభపడ్డదెవరంటే, నా అంచనాలో, రెండు సైట్లలోనూ సరుకు పెట్టుకోగలుగుతున్న చిన్న అమ్మకందారు. నిన్నటిదాకా సైటు ఎంత రుసుము అడిగితే అంత కట్టినవాడు, ఇవాళ కనీసం పక్క కౌంటర్ వైపు చూసి బేరమాడగలడు.

ఆ పొక్కిన కాగితాల్లో నైజీరియా పేరు కూడా ఉందని మొదట చెప్పాను. అక్కడికి 2023 ఏప్రిల్‌లో రావాలి. ఆ నెల కూడా వచ్చింది, పోయింది, అక్కడి పెద్ద ఊరు లాగోస్‌లో అమెజాన్ కొట్టు తెరుచుకోలేదు. జుమియా మిగతా దేశాల్లో ఖర్చు తగ్గించుకుని ఇప్పుడు దృష్టి పెడుతున్న పెద్ద మార్కెట్లలో నైజీరియా ఒకటి.