ఒక్క బుడ్డతో తృప్తి

అనంతపురంలోని మా ఆఫీసుకి రెండు నెలలుగా జీతాలు రాలేదు గానీ, మొన్న శనివారం బుద్ధుడు మాత్రం వచ్చాడు. బెంగళూరు నుంచి ఒక ట్రైనర్ వెంటబెట్టుకొచ్చాడు. కృతజ్ఞత, తృప్తి, మైండ్‌ఫుల్‌నెస్ మీద క్లాసట, రానివాళ్లకి ఆబ్సెంటట.

ఆయన మనిషికొక బుడ్డ, అదే వేరుశనక్కాయ, ఒలిచి అరచేతిలో పెట్టాడు. విదేశాల్లో ఎండుద్రాక్షతో చేయిస్తారట, మన జిల్లాకి తగ్గట్టు మార్చాడట. "దీన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూడండి" అన్నాడు. అయ్యా, అనంతపురం వాళ్లకి చెనిక్కాయ చూపించడానికి బెంగళూరు నుంచి కారేసుకొచ్చావా? మా అకౌంటెంటు గింజని అటూ ఇటూ తిప్పి "ఇది కదిరి-6 రకం కాదా సార్?" అన్నాడు. వెనకాల ఒకాయన వానల్లేక ఎకరాకి ఎన్ని మూటలొచ్చాయో లెక్క మొదలుపెట్టాడు. "ఆలోచనల్ని రానివ్వండి, పోనివ్వండి" అన్నాడు ట్రైనర్. ఆలోచనలు పోతాయి, బ్యాంకోడు పోడే! ఇంతలో ఊడ్చే ఆయమ్మ తన గింజ ఎప్పుడో నోట్లో వేసేసుకుని "ఇంగొకటియ్యి సార్" అని చెయ్యి చాపింది. తృప్తి లేని మనిషి అన్నట్టు మా ఓనరు ఆమె వంక జాలిగా చూశాడు.

తర్వాత ఓనరే లేచి, తృప్తే పరమ ధనమని బౌద్ధుల ధమ్మపదంలో ఉందన్నాడు. ఉంది, 204వ గాథ. ఒకటో తారీఖున ఆ ధనమే ఖాతాలో వేస్తాడు కాబోలు.

దొరికిన చీవరంతో, అంటే కట్టుగుడ్డతో, దొరికిన భిక్షతో సరిపెట్టుకోమని బుద్ధుడు చెప్పింది ఇల్లూ వాకిలీ వదిలొచ్చిన భిక్షువులకి. సంసారి అయిన సిగాలుడికి చెప్పింది వేరే. పనివాళ్లకి శక్తికి తగ్గ పని చెప్పు, కూడూ జీతమూ ఇవ్వు, జబ్బు చేస్తే చూసుకో, మంచి వంటకం ఉంటే పంచు, సెలవివ్వు అన్నాడు. ఆ పేజీ మా ఓనరు చేతికి దొరకలేదు. పాళీలో కృతజ్ఞతని 'కతఞ్ఞుతా' అంటారు, అంటే చేసినదాన్ని ఎరిగి ఉండటం. చేసిందెవరయ్యా? పొద్దున ఏడుకే వచ్చి నీ గది ఊడ్చి, నీ బాత్రూం కడిగింది ఆయమ్మ. ఎరగాల్సింది నువ్వు! రెండు నెలల కూలి ఎగ్గొట్టి, ఆమెకే తృప్తి నేర్పిస్తావా, సిగ్గు లేదూ?

గుత్తి దగ్గరే ఎర్రగుడి ఉంది, పోయి చూడు. బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని అశోకుడు అక్కడి బండ మీద చెక్కించాడు. దాహానికి థ్యాంక్స్ చెప్పుకోమని చెక్కించలేదు.

పోతూ పోతూ తలా ఒక డైరీ ఇచ్చారు, రోజూ రాత్రి మూడు కృతజ్ఞతలు రాయాలట. నాది మా వీధి అంగడాయనకిచ్చేశాను. నా బాకీలు రాసి రాసి ఆయన పుస్తకం అయిపోయింది పాపం.