బంగారం కర్మాగారంలో తొలిరోజు పాఠం

తొలకరి పడగానే వజ్రాల కోసం జనం పొలాలు గాలించే కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఇప్పుడు బంగారం మాట వినిపిస్తోంది. జొన్నగిరి దగ్గర జియోమైసూర్ సర్వీసెస్ చేపట్టిన గని, శుద్ధి కర్మాగారం పూర్తిస్థాయిలో నడిస్తే ఏటా 750 కిలోల దాకా బంగారం వస్తుందని ఆ సంస్థలో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ చెబుతోంది. స్వాతంత్ర్యం తర్వాత ప్రైవేటు రంగంలో పెద్ద ఎత్తున తలపెట్టిన తొలి బంగారు గనిగా దీనికి పేరొచ్చింది కనుక ఉత్పత్తి ఎంత, షేరు ధర ఎంత, స్థానికులకు ఉద్యోగాలెన్ని అన్న లెక్కలపై చర్చ బాగానే సాగింది. ఆ ఉద్యోగంలో చేరినవాడికి గేటు దాటిన మొదటిరోజు ఏం చెప్పాలి, చెప్పింది అతనికి అర్థమైందని ఎలా తేల్చుకోవాలి అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. ఏ ఒక్క యాజమాన్యం మీదా తీర్పు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రామగిరి, చిగురుకుంట, బిసానత్తం గనులు మూతపడ్డాక మన శ్రామికులకు అలవాటు తప్పిన ఒక పనిలో భద్రతా శిక్షణ ఏ తీరున ఉండాలన్నదే ఇక్కడి విషయం.

తట్టలో మట్టి కడిగి బంగారం తీసే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పటి ఉపరితల గనుల్లో టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది చాలాచోట్ల ఒకటి రెండు గ్రాములే. ఆ కాస్తనూ రాబట్టడానికి రాయిని క్రషర్లలో పగలగొట్టి, బాల్ మిల్లులో నీళ్లు కలిపి మెత్తని బురదలా నూరి, ఆ బురదను పెద్దపెద్ద ట్యాంకుల్లో పలచని సోడియం సైనైడ్ ద్రావణంతో గంటల తరబడి కలియబెడతారు. కరిగిన బంగారాన్ని బొగ్గు రేణువులు పట్టుకుంటాయి. ఆ బొగ్గును ఆమ్లంతో కడిగి, వేడి క్షార ద్రావణంతో బంగారాన్ని విడదీసి, విద్యుత్తు సాయంతో పలకల మీద పేరబెట్టి, చివరికి కొలిమిలో కరిగించి కడ్డీ పోస్తారు. క్రషర్ దగ్గర ధూళి, కన్వేయర్ దగ్గర ఒంటిమీది బట్ట చుట్టుకుపోయే ప్రమాదం, మిల్లు దగ్గర చెవులు చిల్లులు పడే రొద, కొలిమి దగ్గర తడి అచ్చులో పోసిన లోహం ఎగజిమ్మే ముప్పు, నమూనాలు పరీక్షించే గదిలో సీసం పొగ: అడుగడుగునా ఏదో ఒక అపాయం ఉన్న చోటు ఇది. అయితే వీటిలో చాలావరకు కంటికి కనిపించేవో, చెవికి వినిపించేవో. తొలిరోజు శిక్షణలో అసలు కష్టమంతా కనిపించనిదాన్ని నమ్మించడంలోనే ఉంది.

సైనైడ్ ద్రావణాన్ని అదుపులో ఉంచేది సున్నం. ద్రావణపు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10.5 దరిదాపుల్లో గాని అంతకు పైన గాని ఉన్నంతసేపు సైనైడ్ నీటిలోనే ఉండిపోతుంది. అది తగ్గేకొద్దీ హైడ్రోజన్ సైనైడ్‌గా మారి గాలిలోకి లేస్తుంది. ఈ పదార్థం 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రాయలసీమ ఎండల్లో ఆ మాటకు అర్థమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. సున్నం పంపు ఆగిపోవడం, పీహెచ్ కొలిచే పరికరం మొరాయించడం, బొగ్గు కడిగే ఆమ్లం కారి సైనైడ్ పారే కాలువలో కలవడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు. చేదు బాదం వాసన వస్తుందని పాఠాల్లో చెబుతారు గాని, ఆ వాసన పసిగట్టే శక్తి పుట్టుకతోనే లేనివాళ్లు జనంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. ఉన్నవాళ్లకూ కాసేపటికి ముక్కు మొద్దుబారుతుంది. గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకు 4.7 పాళ్లు మించకూడదని, 50 పాళ్లకు చేరితే ప్రాణానికి తక్షణ ముప్పని అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ నిర్దేశించింది. అంటే, ముక్కును కాకుండా, ఆ వాయువును కొలవడానికి చొక్కాకు తగిలించుకున్న మీటరును నమ్మడం మొదటి పాఠం కావాలి. వాసన వస్తే బయటకు రండి అని చెప్పి వదిలేసే శిక్షణ, నా దృష్టిలో, ఏమీ చెప్పకపోవడం కన్నా ప్రమాదకరం. వాసన రాలేదు కనుక ఫర్వాలేదన్న ధీమా పుట్టేది దాని నుంచే.

రెండో పాఠం ఇంకా కష్టం. ట్యాంకులోకి దిగిన తోటివాడు కుప్పకూలితే చూస్తూ నిలబడటం మనిషన్నవాడికి చేతకాదు. మ్యాన్‌హోళ్లలో, పాడుబడ్డ బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరిని కాపాడబోయి ఒకరు ముగ్గురు నలుగురు చనిపోయారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇరుకు చోట్లలో జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని నియోష్ 1986లోనే హెచ్చరించింది. సైనైడ్ ఉన్నచోట కార్మికుడు చేయవలసింది ముందు అలారం నొక్కడం; గాలి ఎటు వీస్తోందో చూసి దానికి ఎదురుగానో అడ్డంగానో దూరం జరగడం; శ్వాస పరికరాలు తొడుక్కున్న బృందం వచ్చేదాకా లోపలికి పోకుండా ఉండటం. బయటికి తెచ్చిన మనిషికి నోటితో ఊపిరి ఊదకూడదు. తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు నీళ్లతో కడిగి, ఆక్సిజన్ పెట్టాలి; విరుగుడు మందు శిక్షణ పొందినవాళ్లే ఇవ్వాలి. చదివితే ఇదంతా అర నిమిషం. కళ్లెదుట తమ్ముడో బావమరిదో పడి ఉండగా ఈ వరుస గుర్తుకు రావాలంటే చెవితో విన్నది చాలదు, ఒంటికి అలవాటు కావాలి. ఒకే ఊరి నుంచి అన్నదమ్ములు, బావాబావమరుదులు ఒకే మేస్త్రీ కింద పనికి వచ్చే మన కాంట్రాక్టు పద్ధతిలో ఈ సంగతిని శిక్షణ ఇచ్చేవాళ్లు మొహమాటం లేకుండా, పేరు పెట్టి చెప్పాలి: లోపల ఉన్నది నీ తమ్ముడే అయినా నువ్వు దిగకూడదు.

పారిశ్రామికవాడల్లో ఇండక్షన్ అనే తొలి శిక్షణ తంతు చాలాచోట్ల ఎలా సాగుతుందో అక్కడ పనిచేసినవాళ్లకు తెలిసిందే. ఒక హాలు, ప్రొజెక్టరు, ఇంగ్లీషులో స్లయిడ్లు, మధ్యలో హిందీ మాటలు, చివర పది ప్రశ్నల కాగితం. జవాబులు పక్కవాడు అందిస్తాడు; అతనికీ తెలియకపోతే పాఠం చెప్పినవాడే అందిస్తాడు. రిజిస్టరులో సంతకమో వేలిముద్రో పడగానే చేతికి గేట్ పాస్, నెత్తికి హెల్మెట్ వస్తాయి. ఆ రిజిస్టరు అక్కరకొచ్చేది ప్రమాదం జరిగిన మర్నాడు. అన్నీ చెప్పాం, అతనే పాటించలేదు అని తనిఖీ అధికారికి చూపడానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

భాష సంగతి వేరే చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో చనిపోయినవాళ్లలో బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో ఉన్న తుగ్గలి ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఉంటారు. వెల్డింగుకు, ఫిట్టింగుకు వచ్చే ముఠాలు హిందీ, ఒడియా మాట్లాడవచ్చు. అలారం మోగగానే అరిచే మాట అందరికీ ఒకటే అయి ఉండాలి, దాని అర్థం ప్రతివాడికీ తన భాషలో తెలిసి ఉండాలి. తెలుగు కూడా పుస్తకాల తెలుగైతే లాభం లేదు. 'ఆవరణలోని వాయు సాంద్రతను గమనించవలెను' అని బోర్డు రాయించిన మనిషి దాన్ని ఎవరు చదువుతారని అనుకున్నాడో తెలియదు. 'మీటరు కూత పెడితే పని వదిలి పో' అంటే సరిపోతుంది.

చట్టాలు లేక ఈ పరిస్థితి రాలేదు. 1984 నాటి భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తన ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం అడిగే హక్కును, శిక్షణ పొందే హక్కును 111ఏ సెక్షన్ కింద కార్మికుడికే ఇచ్చారు. గనికి చెందినదై దాని పక్కనే ఉండి ఖనిజాన్ని శుద్ధి చేసే చోటు 1952 నాటి గనుల చట్టం లెక్కలో గనిలో భాగమే. గని కార్మికుల శిక్షణకు 1966 నుంచే విడిగా నియమాలున్నాయి. ఈ పాత చట్టాలను కలిపేసిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే తనిఖీ దాకా వచ్చేసరికి ఈ నిబంధనలన్నీ ఒకే ప్రశ్నగా కుంచించుకుపోతున్నాయి: శిక్షణ ఇచ్చినట్టు కాగితం ఉందా? పరికరం ఉండటం వేరు, సమయానికి దాన్ని వాడే మనిషి ఉండటం వేరు అని తెలియడానికి 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరిన్ లీకై 12 మంది మరణించిన ఉదంతం చాలు. ఎల్‌జీ పాలిమర్స్ ఆవరణలో సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా దాన్ని ఎవరూ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

సైనైడ్ వాడే గనులకు ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. 2000 జనవరి 30న రుమేనియాలోని బయామారే దగ్గర బంగారం కర్మాగారపు వ్యర్థాల చెరువు కట్ట తెగి, సైనైడ్ కలిసిన సుమారు లక్ష ఘనపు మీటర్ల నీళ్లు నదుల్లోకి పోయాక రూపొందిన నియమావళి ఇది. శిక్షణను ఇందులో విడిగా ఒక సూత్రంగా పెట్టారు. చిక్కని ద్రావణానికి రంగు కలపాలని, దాంతో కారిందేదో మామూలు నీళ్లేదో చూడగానే తెలియాలని, ప్రమాదం జరిగితే చికిత్స చేయవలసిన స్థానిక ఆసుపత్రులతో ముందే ఏర్పాట్లు చేసుకోవాలని కూడా ఇది అడుగుతుంది. దీనిలో చేరడం సంస్థల ఇష్టం. ఇష్టానికి వదిలేయడం మన రాష్ట్రానికి తగదు. కొత్త బంగారు కర్మాగారాలకు అనుమతులిచ్చేటప్పుడే ఈ ప్రమాణాన్ని షరతుగా పెట్టవచ్చు. గుత్తి, పత్తికొండ ఆసుపత్రుల్లో డ్యూటీ డాక్టరుకు సైనైడ్ విరుగుడు ఎక్కడుందో తెలిసి ఉండటం కూడా కార్మికుల శిక్షణలో భాగమే.

తనిఖీకి వెళ్లిన అధికారి రిజిస్టరు అడగకుండా ట్యాంకుల మీది నడకదారి ఎక్కి, అక్కడ పైపు పట్టుకుని కడుగుతున్న మనిషిని ఆపి, ఇప్పుడు మీటరు కూస్తే ఎటు పోతావో నడిచి చూపించమంటే శిక్షణ లోతు ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. కళ్లు కడిగే షవరు దగ్గరికి కళ్లు మూసుకుని వెళ్లగలడా, అలారం మీట ఎక్కడుందో తడుముకోకుండా చూపగలడా, ఆమ్లం డ్రమ్మును ఏ గట్టు దాటించకూడదో తెలుసా అన్నవి చేసి చూపించే పరీక్షలు. చదువు రానివాడు కూడా నెగ్గగల పరీక్షలు. అందులో తప్పినవాడి మీద కాకుండా అతనికి పాస్ ఇచ్చిన అధికారి మీద చర్య ఉంటే తంతు తీరు మారుతుంది.

ఎక్కువ అజాగ్రత్త షట్‌డౌన్ రోజుల్లో ఉంటుంది. మిల్లు లోపలి అరిగిన పలకలు మార్చడానికి, ట్యాంకుల అడుగున పేరుకున్న గసి తీయడానికి యంత్రాలు ఆపినప్పుడు బయటి ముఠాలు నాలుగైదు రోజులకు వస్తాయి. ఆగిన ప్రతి గంటకూ ఉత్పత్తి నష్టం గనుక తొందర సహజం, ఆ తొందరలో ఇండక్షన్ ఇరవై నిమిషాలకు కుదించుకుపోతుంది. నిజానికి ఏళ్ల తరబడి అక్కడే పనిచేసే ఆపరేటరు కన్నా, ఖాళీ చేసిన ట్యాంకులో గసి కింద ఇంకా సైనైడ్ ఉంటుందని ఊహ కూడా లేని ఈ కొత్తవాడికే ఎక్కువ శిక్షణ కావాలి. ట్యాంకులోకి దిగడానికిచ్చే పర్మిట్ కాగితం మీద మేస్త్రీ ఒక్కడు సంతకం పెట్టి పదిమందిని దించే అలవాటును మొదట మాన్పించాలి.

నెమ్మదిగా చంపేవాటికి తొలిరోజున దక్కే సమయం ఇంకా తక్కువ. రాతిపొడి పీల్చి సిలికోసిస్ పాలైన కోలారు గనుల కార్మికుల కథ మనకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి తరతరాలుగా అక్కడ బతికిన తెలుగు కుటుంబాలెన్నో. 2001లో ఆ గనులు మూతపడ్డా సైనైడ్ దిబ్బల దుమ్ము ఊరి మీదికి ఇప్పటికీ లేస్తూనే ఉంది. క్రషర్ దగ్గర చేరిన కుర్రాడికి మాస్కు ఇవ్వడం తేలిక. ఉక్కపోతలో అతను దాన్ని గడ్డం కిందికి జార్చుకుంటాడని తెలిసి, ధూళి మీద నీళ్లు చల్లే ఏర్పాటు సరిచేసి, చేరిన రోజునే ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీసి దాని నకలు అతని చేతిలో పెట్టడం కష్టం. పదేళ్ల తర్వాత పరిహారం అడగవలసి వస్తే ఆ నకలే అతనికి ఆధారం.

ఇన్ని నేర్పినా, 'సార్, నేను దిగను' అన్నందుకు మర్నాడు పనిలోకి రావద్దంటే నేర్చుకున్నదంతా వృథా. ప్రమాదం ఉందనిపించినప్పుడు అధికారులకు చెప్పే హక్కు ఫ్యాక్టరీల చట్టంలోకి 1987లోనే వచ్చింది. రోజుకూలి మీద వచ్చినవాడు దాన్ని వాడుకోవాలంటే ఆపిన గంటలకు కూలి తెగకూడదు. శిక్షణ రోజుకూ అదే లెక్క: హాలులో కూర్చున్న రోజుకు కూలి రాదంటే ఎవరైనా సంతకం పెట్టి త్వరగా బయటపడాలనే చూస్తారు. కాంట్రాక్టు టెండర్లలో శిక్షణ రోజుల కూలిని, ఆపిన పని గంటల కూలిని కోత పెట్టడానికి వీల్లేని పద్దులుగా విడిగా చూపించాలి. అలా చూపించకపోతే తక్కువ ధర కోట్ చేయాలనుకునే కాంట్రాక్టరు ముందు కత్తెర వేసేది వీటికే.