బజ్జీలకు ఖండన

ఆ రాత్రి మా ఇంట్లో పదిమందిమి ఉన్నాం. ఓటున్నది ఒక్కరికి. ఆ ఒక్కరూ వంటింట్లో మిరపకాయలు చీరుతున్నారు.

2024 సెప్టెంబర్ 10, మంగళవారం. రాత్రి తొమ్మిదింటికి ట్రంప్‌కీ కమలా హారిస్‌కీ టీవీలో డిబేటు. జరిగేది ఫిలడెల్ఫియాలో, మా న్యూజెర్సీ ఎడిసన్ నుంచి కారులో గంటన్నర కూడా పట్టదు. వినాయక చవితికని శనివారం వచ్చిన చుట్టాలు ఇంకా కదల్లేదు. వినాయకుడూ కదల్లేదు. నిమజ్జనం వచ్చే వారాంతానికి వాయిదా వేసి, హాల్లో టీవీకి ఎదురుగా బల్ల మీదే కూర్చోబెట్టాం.

మా మామగారిది తణుకు. టూరిస్టు వీసా మీద వచ్చి రెండు నెలలైంది. ట్రంప్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ భార్య ఉష పూర్వీకులది వడ్లూరు అని పేపర్లో చదివిన రోజు నుంచి ఆయన రిపబ్లికన్. "వడ్లూరంటే మన తణుకు పక్కనే కదా అల్లుడుగారూ. మన ఆడపడుచు మొగుణ్ణి మనం ఓడించుకుంటామా?" అంటారు. మా అత్తగారు అంతకంటే సూటి. "కమల అంటే లక్ష్మీదేవి. వాళ్ళమ్మది మద్రాసు. ఇంట్లో ఇడ్లీ తిని పెరిగిన పిల్ల. ఇంకేం కావాలి?"

మా తోడల్లుడు పుష్కరం నుంచీ గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. ట్రంప్‌ని ఎవరైనా ఒక్క మాటంటే ఆయన బీపీ పెరుగుతుంది. ఆయన భార్య, అంటే మా వదినగారు, కమల పక్షం. మా బావమరిది చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడూ కమల పక్షమే, కాకపోతే రిమోట్ ఎటుంటే అటు. వదినగారి అబ్బాయికి పన్నెండేళ్ళు, మా అమ్మాయికి పదమూడు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు కాబట్టి ఎప్పటికైనా ఓటొస్తుంది. ఇక మా ఆవిడ, నేను. గృహస్థులం కనుక తటస్థులం.

ఓటున్నావిడ మా పిన్ని. ముప్ఫై ఏళ్ళ కిందట నర్సుగా వచ్చి సిటిజన్ అయింది. నది దాటితే పెన్సిల్వేనియాలో ఇల్లు. ఆ సంగతి ఆ రాత్రి పదకొండు దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

మొదట అందరం హాల్లోనే కూర్చున్నాం. షరతులు చదువుతుంటే మామగారికి నచ్చలేదు. ఎదురుగా జనం ఉండరు. చేతిలో కాగితాలుండవు, ఒక పెన్ను, ఒక తెల్ల నోట్‌ప్యాడ్, ఒక మంచినీళ్ళ సీసా. జవాబుకి రెండు నిమిషాలు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు కట్టేస్తారు. మన చానెళ్ళ చర్చలు చూసి చూసి ముదిరిన మనిషి ఆయన. "మైకు కట్టేస్తే ఇహ చర్చేముంది? రేడియోలో వ్యవసాయ కార్యక్రమం లాగా..." అన్నారు.

ఇద్దరూ వేదిక మీదికొచ్చారు. కమల నేరుగా ట్రంప్ నిలబడ్డ చోటికే వెళ్ళి, తన పేరు చెప్పుకుని చెయ్యి కలిపింది. అదే వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కలవడం మొదటిసారి.

"చూశారా, సంస్కారమంటే అదీ" అన్నారు అత్తగారు.

"సంస్కారం కాదత్తయ్యా, భయం. భయపడ్డవాళ్ళే ముందు చెయ్యి చాస్తారు" అన్నాడు తోడల్లుడు.

"అయితే మన పెళ్ళిచూపుల్లో ముందు మీరే నమస్కారం పెట్టారు" అంది వదినగారు.

ఇంకా మొదటి ప్రశ్న కూడా పడలేదు. మా ఆవిడ లేచి తీర్పు చెప్పింది. ట్రంప్ వాళ్ళు బేస్‌మెంట్‌లోకి, కమల వాళ్ళు హాల్లో. బజ్జీలు రెండు చోట్లకీ వస్తాయి. మామగారు, తోడల్లుడు, పన్నెండేళ్ళవాడు మెట్లు దిగారు. కింద ఒక పాత టీవీ ఉంది, దానికి కిటికీలో యాంటెన్నా. మామగారు నలభై ఏళ్ళ కిందట తణుకు డాబా మీద తిప్పిన అనుభవంతో దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పేసరికి బొమ్మ అద్దంలా వచ్చింది.

గొడవంతా అక్కడే పుట్టింది. హాల్లో టీవీ నడిచేది ఇంటర్నెట్ మీద. యాంటెన్నాకి బొమ్మ అప్పటికప్పుడు వస్తుంది. ఇంటర్నెట్‌లో వచ్చేది ఊళ్ళన్నీ తిరిగి తాపీగా వస్తుంది. మా ఇంట్లో ఆ తేడా ముప్పావు నిమిషం. పైగా అమెరికా ఇళ్ళకి నేలలో వెంట్లుంటాయి కదా, వేడిగాలీ చల్లగాలీ వచ్చేందుకు. గాలి సరిగా రాదు గానీ, కింద మనిషి తుమ్మితే పైన "చిరంజీవ" అనొచ్చు.

మొదట పసిగట్టింది అత్తగారే. కింద చప్పట్లు పడ్డ ముప్పావు నిమిషానికి హాల్లో ట్రంప్ ఏదో గట్టిగా అంటాడు. కింద "అబ్బే" అని మూలిగితే ముప్పావు నిమిషానికి కమల ఏదో అంటుంది. మూడుసార్లు చూశారు. నాలుగోసారి కింద చప్పట్లు పడగానే, తెర మీద ట్రంప్ ఇంకా నోరు తెరవకముందే "అబద్ధం! శుద్ధ అబద్ధం!" అన్నారు.

"అమ్మా, ఇంకా ఏమీ అనలేదే" అన్నాడు బావమరిది.

"అంటాడుగా!"

తర్వాత మొత్తం అలాగే నడిచింది. కింద మౌనంగా ఉంటే పైన పండగ. కింద సందడిగా ఉంటే పైన ఖండన. మాటలు వెనకాల తీరిగ్గా వచ్చేవి, పెళ్ళయిపోయాక వచ్చిన శుభలేఖల్లాగా.

ఒకసారి కింద ఈలలూ చప్పట్లతో ఇల్లు దద్దరిల్లింది. అత్తగారు కుర్చీ అంచుకి జరిగారు. వదినగారు వేలెత్తి తెరవైపు చూపించి, పన్నుల గురించీ ధరల గురించీ ముందే వాయించేసింది. అందరూ ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటే తెర మీద, ప్రశ్నలడిగే ఇద్దరు మోడరేటర్లలో ఒకాయన ప్రశ్న చదువుతున్నాడు. అంతే. ఇంకేమీ జరగలేదు. నేను ఖాళీ పళ్ళెంతో బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చాను. ఆ చప్పట్లు బజ్జీలకి.

"బజ్జీలకి కూడా ఖండన ఇచ్చారా?" అని కింద నుంచి తోడల్లుడి నవ్వు.

కింద వేరే లీల నడుస్తోంది. మామగారికి ట్రంప్ ఇంగ్లీషు అందదు, కమల ఇంగ్లీషు అసలే అందదు. అనువాదం తోడల్లుడిది. కమల పూర్తిగా రెండు నిమిషాలు మాట్లాడుతుంది. మామగారు "ఏమంటోంది?" అంటారు. "ఏం లేదు మామయ్యా, సోది." ట్రంప్ ఒక్క వాక్యం అంటే అనువాదం రెండు నిమిషాలు, మధ్యలో మన ఊరి ఉదాహరణలతో సహా. మామగారి దృష్టిలో ఆ రాత్రి కమల ఏడెనిమిది మాటలు మాట్లాడి ఉంటుంది.

ఒక్కచోట మాత్రం అనువాదకుడికీ గొంతు పెగల్లేదు. తన సభల్లోంచి జనం మధ్యలోనే లేచిపోతున్నారని కమల అనడంతో ట్రంప్‌కి మండింది. ఆ ఊపులో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ సంగతి ఎత్తి, అక్కడికొచ్చిన వలసవాళ్ళు కుక్కల్నీ పిల్లుల్నీ తినేస్తున్నారన్నాడు. కింద చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పైన అత్తగారికి కారణం తెలియదు గానీ నిశ్శబ్దం తెలుసు. ఆవిడ అప్పటికే చప్పట్లు మొదలెట్టారు.

"ఏమన్నాడు?" మామగారి గొంతు వెంట్‌లోంచి.

"అంటే... అక్కడ పెంపుడు జంతువులకి కొంచెం ఇబ్బందిగా ఉందట మామయ్యా."

మోడరేటర్ కలగజేసుకుని, ఆ ఊరి అధికారులని అడిగితే అలాంటి నమ్మదగిన ఫిర్యాదులేమీ లేవన్నారని చెప్పాడు. తోడల్లుడికి గొంతు తిరిగొచ్చింది. "ముగ్గురు ఒకడి మీద పడ్డారు! ఇదెక్కడి న్యాయం!" ఆ అరుపు మాకు కుక్కల సంగతికంటే ముందే వినపడింది. పైనవాళ్ళు ముగ్గురెవరో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

ఇవన్నీ పూర్తిగా వినిపించే చోటు ఇంట్లో ఒక్కటే, వంటిల్లు. పొయ్యి పక్కన వెంట్‌లోంచి కింద టీవీ, గుమ్మంలోంచి హాలు టీవీ. ప్రతి మాటా రెండుసార్లు. పిన్ని శనగపిండి జారు సరిచూసుకుంటూ అన్నీ వింది. మొదటి ప్రశ్నకే నాతో, "నాలుగేళ్ళ కిందటికంటే జనం ఇప్పుడు బాగున్నారా అని కదరా అడిగింది? ఆవిడేమో తన చిన్నతనం నుంచి మొదలెట్టింది" అంది. ఆరోగ్య బీమా గురించి మీ ప్లాను ఏమిటని ట్రంప్‌ని అడిగితే, ప్లాను తాలూకు ఆలోచనలున్నాయన్నాడు. వెంట్‌లోంచి తోడల్లుడు, "బ్రహ్మాండమైన ప్లానుందట మామయ్యా." ముప్పావు నిమిషం తర్వాత హాల్లోంచి బావమరిది, "ప్లాను లేదని వాడే ఒప్పుకున్నాడమ్మా." పిన్ని బజ్జీని నూనెలో తిరగేసి, "మా బాత్రూమ్ రిపేరువాడి దగ్గర కూడా ఆలోచనలే ఉన్నాయి, మార్చి నుంచి" అంది.

ఇంతలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. తేడా తగ్గిద్దామని హాలు టీవీ రిమోట్ నేనే తీసుకున్నాను. వెనక్కి జరపడం తప్ప ముందుకి జరపడం దానివల్ల కాలేదు. జరిపాక అత్తగారు ఊరుకోలేదు. "బాబూ, ఆ కుక్కల సంగతి ఇంకోసారి పెట్టు." పెట్టాను. "మోడరేటర్ అన్నది కూడా." పెట్టాను. "ఆవిడ నవ్వింది చూశావా, అది." మధ్యలో ఎవరో బాత్రూమ్‌కి వెళ్తే ఆపాం. టీ కోసం ఆపాం. మా హాల్లో డిబేటు పాసింజరు రైలైపోయింది, ప్రతి స్టేషన్లోనూ ఆగి, కొన్ని స్టేషన్లకి రెండేసిసార్లు వెళ్ళి.

ఇదే ఫిలడెల్ఫియాలో 1976లో ఫోర్డ్, కార్టర్ డిబేటు జరుగుతుండగా మైకులు పోయాయి. 27 నిమిషాలు అధ్యక్షుడూ, ఆయన మీద పోటీ చేసినాయనా చెరో పీట దగ్గరా కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. దేశమంతా మూగబొమ్మ చూసింది. మా ఇంట్లో వాళ్ళు చూసుంటే ఆ 27 నిమిషాల్లోనూ ఎవరు గెలిచారో తేల్చేసేవాళ్ళు.

పదీ ముప్పావుకి కింద డిబేటు అయిపోయింది. విజయోత్సాహంతో మెట్లెక్కి వచ్చారు ముగ్గురూ. వచ్చి చూస్తే హాల్లో ట్రంప్ ఇంకా మాట్లాడుతున్నాడు.

"ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చారా?" అని మామగారు ఆశగా కూర్చున్నారు.

తోడల్లుడికి ఒక నిమిషంలో సంగతి అర్థమైంది. అక్కణ్ణుంచి ఆయన్ని పట్టలేం. "ఇప్పుడు వాతావరణ మార్పు గురించి అడుగుతారు చూడండి." అడిగారు. మామగారు అల్లుడివైపు భక్తిగా చూశారు. సినిమా రెండోసారి చూసేవాడి పక్కన కూర్చున్నట్టుంది మిగతావాళ్ళకి. అత్తగారు చెవులు మూసుకున్నారు.

అప్పుడే మేడ మీద మా అమ్మాయి గావుకేక పెట్టింది. టేలర్ స్విఫ్ట్ పిల్లిని ఎత్తుకున్న ఫొటో పెట్టి, నా ఓటు కమలకే అని ప్రకటించిందట. బావమరిది తెర వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. "డిబేటు అవ్వకుండానే ఎలా చెప్పింది?" వాడి డిబేటు ఇంకా అవలేదు మరి.

"అడక్కపోయినా చెప్పేవాళ్ళని నమ్మకూడదు" అన్నారు మామగారు.

"ఆ పిల్ల ఓటు లెక్కలోకొస్తుంది. మీ ఓటేదీ?" అన్నారు అత్తగారు.

మాట పడ్డాక గది నిశ్శబ్దమైంది. అందరూ లోపల లోపల లెక్కవేసుకున్నట్టున్నారు. టూరిస్టు వీసా రెండు, క్యూ రెండు, స్టూడెంటు ఒకటి, మైనర్లు ఇద్దరు, క్యూలోనే మేమిద్దరం. సరిగ్గా అప్పుడే పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "నేను బయల్దేరతాన్రా. రేపు పొద్దున ఆరింటికి డ్యూటీ. ఇంటికెళ్ళి పోస్టు డబ్బాలోంచి ఆ కరపత్రాలన్నీ తియ్యాలి. రోజుకి అరడజను పడేస్తున్నారు ఇద్దరూనూ" అంది.

"ఎక్కడికి?" అన్నాడు తోడల్లుడు, తెలిసీ.

"పెన్సిల్వేనియాకి."

పందొమ్మిది ఎలక్టోరల్ ఓట్లు, అంటే చివరికి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు. ఈసారి ఎవరు గెలవాలన్నా ఆ రాష్ట్రమే కీలకమని రెండు పక్షాలూ అక్కడే తిరుగుతున్నాయి. అదేమిటో, మా న్యూజెర్సీ వైపు తొంగి చూసే నాథుడు లేడు. రెండు గంటలుగా ఇంట్లో పెన్సిల్వేనియా ఓటరు చెమటలు కక్కుతూ వీళ్ళకి బజ్జీలు వేస్తోంది.

"చెల్లెమ్మగారూ, కూర్చోండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు" అని మామగారు తన కుర్చీ ఖాళీ చేశారు.

"వదినగారూ, ఉండ్రాళ్ళు కట్టిస్తాను" అని అత్తగారు లేచారు. వెనకాలే తోడల్లుడు గోంగూర పచ్చడి సీసా తెచ్చాడు. అది ఆయన సొంతం, తణుకు నుంచి మామగారు తెచ్చింది, తన భార్యక్కూడా ముట్టనివ్వలేదు. అత్తగారు అది చూసి ఆవకాయ కూడా తెచ్చారు. పిన్ని అన్నీ పుచ్చుకుంది. ఎవరినీ కాదనలేదు, ఎవరికీ అవుననలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు.

అందరూ కారు దాకా వెళ్ళారు. ఒక కిటికీ దగ్గర మామగారు వడ్లూరు నుంచి మొదలెట్టారు. రెండో కిటికీ దగ్గర అత్తగారు మద్రాసు నుంచి మొదలెట్టారు. ఇక్కడ మైకు కట్టేసేవాళ్ళెవరూ లేరు. పిన్ని సీటుబెల్టు పెట్టుకుని ఇద్దరికీ తలూపుతోంది.

నేను కారు తాళం కోసం లోపలికొచ్చాను. పిన్ని పొయ్యి పక్కనే మర్చిపోయింది. హాల్లో టీవీ కట్టేయలేదు. ట్రంప్ తన ముగింపు మాట అప్పుడే అందుకున్నాడు. వింటున్నది వినాయకుడొక్కడే, చేటంత చెవులతో.