స్కూల్ బౌండరీ గొడవ: వదిన ఒక వైపు, మరిది ఒక వైపు

అమెరికాలో వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో చెప్పే గీతలన్నిటినీ మళ్ళీ చూడాలని స్కూల్ బోర్డు 2024లో పాలసీ మార్చింది. కౌంటీ మొత్తాన్ని ఇలా ఒకేసారి చూసి దాదాపు 40 ఏళ్ళయింది, ఇకనుంచి ఐదేళ్ళకోసారి చూస్తారట. హెర్న్‌డన్, షాంటిలీ, సెంటర్‌విల్ వైపు మనవాళ్ళు బోలెడంత మంది, కాబట్టి సమీక్ష నడిచినన్నాళ్ళూ పుట్టినరోజు పార్టీల్లో, గుడి పార్కింగ్‌లో ఇదే గోల. అందులోంచి రెండు గొంతులు తీసుకుని ఒక ఇంట్లో కూర్చోబెట్టాను. వదినకి సొంతిల్లు, సిటిజన్‌షిప్ ఉన్నాయి. మరిది హెచ్1బీ మీద అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ప్రతిపాదన ఏంటంటే మరిది వాళ్ళ కాంప్లెక్స్‌ని వదిన వాళ్ళ స్కూలుకి తెచ్చి, అక్కడ చోటు కోసం వదిన వీధిని ఇంకో స్కూలుకి జరపడం. మనుషులు కల్పితం, పాలసీ నిజం. నేను కాస్త మరిది వైపే మొగ్గుతాను, ముందే చెప్పేస్తున్నా.

వదిన: మ్యాపులో మా అడ్రసు కొట్టి చూశావా? మా వీధిని తీసుకెళ్ళి హైవే అవతలి స్కూల్లో పడేశారు. చిన్నాడు ఇప్పుడు హాయిగా నడిచి వెళ్తున్నాడు. మా అమ్మ ఇండియా నుంచి వస్తే ఉన్న ఆర్నెల్లూ ఆవిడే దింపి, ఆవిడే తీసుకొస్తుంది, ఆవిడకి డ్రైవింగ్ రాదు కదా. రేపు ఏం చేస్తుంది పాపం?

మరిది: మైలు దాటితే ఎలిమెంటరీ పిల్లలకి బస్సు వస్తుంది వదినా.

వదిన: అదే నేను అడిగేది, నడిచే పిల్లాణ్ణి పట్టుకెళ్ళి బస్సెక్కించడం ఏంటి? దూరం చూడాలి, రవాణా చూడాలి అని పాలసీలో వాళ్ళే రాసుకున్నారు.

మరిది: సీట్లు చూడాలని కూడా అక్కడే రాశారు. మా పాప రెండో తరగతి ట్రెయిలర్లో, అంటే బిల్డింగ్‌లో చోటు చాలక బయట పెట్టిన డబ్బా లాంటి గదిలో చదువుతోంది, మీరు ఒక్కసారి వచ్చి చూడండి. చెక్క ర్యాంపు ఎక్కి లోపలికెళ్ళాలి. బాత్రూముకి పోవాలంటే జనవరి చలిలో కోటు తొడుక్కుని, ఇంకో పిల్లని తోడు తీసుకుని మెయిన్ బిల్డింగుకి నడవాలి, అక్కడ తలుపు ఎవరో తీసేదాకా నిలబడాలి. లంచ్ పదీ నలభైకి, ఎందుకంటే కెఫెటీరియాలో అందరూ ఒకేసారి పట్టరు. ఆ టైముకి దానికి ఆకలేం వేస్తుంది? పెరుగన్నం డబ్బా అలాగే ఇంటికి తెచ్చి సాయంత్రం తింటుంది.

వదిన: అయ్యో. అయితే బిల్డింగ్ కట్టమనండి! స్కూళ్ళు కట్టడానికి అప్పు తెస్తామని 2023లో 43.5 కోట్ల డాలర్ల స్కూల్ బాండ్ పెడితే జనం ఓటేశారు, నేనూ వేశాను. అపార్ట్‌మెంట్లకి పర్మిషన్లు ఇచ్చేదేమో కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు, స్కూళ్ళు నడిపేదేమో ఇంకో బోర్డు. వీళ్ళు ఇళ్ళు కట్టించుకుంటూ పోతే వాళ్ళు పిల్లల్ని సర్దుకుంటూ కూర్చోవడం, మధ్యలో నలిగేది నా కొడుకు.

మరిది: ఆ మాట ఒప్పుకుంటా. వర్జీనియాలో స్కూల్ బోర్డుకి సొంతంగా పన్ను వేసే అధికారమే లేదు, సూపర్‌వైజర్లు ఇచ్చింది పుచ్చుకోవడమే. కానీ హైవే అవతల గదులు ఖాళీగా ఉంటే ఇక్కడ కొత్త బిల్డింగ్ ఎవరు కడతారు? కట్టినా ఆ బాండ్ అప్పు తీరేది మీ ప్రాపర్టీ టాక్స్‌లోంచే.

వదిన: టాక్స్ కడుతున్నాం కాబట్టే అడుగుతున్నాం. ఈ ఇంట్లో వంటగది ఇరుకు, గట్టి వాన పడితే బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయి, అయినా ఎందుకు కొన్నాం? స్కూలు చూసే కదా.

మరిది: అంటే ఇంటి రేటు సంగతన్నమాట. తప్పేం లేదు, పైకే చెప్పండి. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో సరిగ్గా ఇలాంటి గీతకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళనే పోల్చి చూసింది, 1999లో అచ్చయింది. స్కూల్లో మార్కులు 5 శాతం ఎక్కువైతే జనం ఇంటికి రెండున్నర శాతం దాకా ఎక్కువ పెడుతున్నారని తేలింది. మీ టెన్షన్ ఉత్తిది కాదు. కాకపోతే మీరు కొన్నది ఇల్లు, గీత మీ పేరు మీద రిజిస్టర్ అవలేదు.

వదిన: రేటు నువ్వంటున్నావు, నేను అనలేదు. నేననేది పిల్లల గురించి. ఇక్కడ చాలా ఎలిమెంటరీల్లో కిండర్‌గార్టెన్ నుంచి ఆరో తరగతి దాకా ఉంటుంది. ఐదేళ్ళకోసారి మ్యాపు తిరగేస్తామంటే ప్రతి పిల్లాడికీ మధ్యలో ఒకసారి ఈ భయం తప్పదు. కుదురుకున్న స్నేహితుల్నీ, టీచర్లనీ వదిలేసి మళ్ళీ మొదటికి రావాలా?

మరిది: మరి పెద్దాడికి రెండో తరగతిలో కాగాట్ అనే తెలివితేటల టెస్టుకి కోచింగ్ ఇప్పించి, మూడో తరగతికి ఏఏపీ సెంటర్ అని, చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసులుండే వేరే స్కూలుకి పంపినప్పుడు ఈ స్నేహితులు ఏమయ్యారు? అప్పుడు స్వీట్లు పంచారు కదా.

వదిన: అది మేం ఎంచుకున్నది. ఇది నెత్తిన రుద్దుతున్నది. రెండూ ఒకటేనా?

మరిది: ఒకటి కాదు. నేను చెప్పేదీ అదే, మాకు ఎంచుకోవడం ఎప్పుడూ లేదు. ఒక కాంప్లెక్స్‌ని కదిపితే ఒక్క దెబ్బకి బస్సుల కొద్దీ పిల్లలు కదులుతారు, ఎదురు మాట్లాడేవాళ్ళు ఉండరు, మ్యాపు గీసేవాడికి అంతకన్నా సుఖం ఏముంది? మా పక్కింటాయనకి రాత్రి షిఫ్టు, పైన ఉండేవాళ్ళకి స్పానిష్ తప్ప రాదు, నేనేమో టాక్సులన్నీ కట్టినా స్కూల్ బోర్డుకి ఓటెయ్యలేను. మీ హెచ్‌ఓఏ వాళ్ళు, అదే మీ ఇళ్ళ ఓనర్ల సంఘం, ఒకే రంగు టీషర్టులేసుకుని బోర్డు హియరింగ్‌కి వస్తారు. 2027లో ఎన్నికలున్నాయి, పన్నెండు మంది మెంబర్లకీ ఆ టీషర్టులే కనిపిస్తాయి. ఈ కౌంటీకి ఇదేం కొత్త కాదు, 1954లో లూథర్ జాక్సన్ హైస్కూలు తెరిచేదాకా ఇక్కడ నల్లజాతి పిల్లలకి హైస్కూలే లేదు, మనాసస్‌కో వాషింగ్టన్‌కో పోయి చదువుకున్నారు. ఇదే వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో అయితే తెల్ల, నల్ల పిల్లల్ని కలిపి చదివించమన్నందుకు 1959 నుంచి 1964 దాకా పబ్లిక్ స్కూళ్ళే మూసేశారు.

వదిన: ఆగాగు. మీ అన్నయ్యా నేనూ వచ్చిన కొత్తలో ఇలాంటి అపార్ట్‌మెంట్‌లోనే నాలుగేళ్ళు ఉన్నాం. నా కొడుకుని నడిచి వెళ్ళనివ్వండి అంటే నన్ను తీసుకెళ్ళి వాళ్ళ పక్కన నిలబెడతావా?

(ఇక్కడ వదినదే పైచేయి. చరిత్ర నిజమే గానీ, ఎదుటి మనిషి నోరు మూయించడానికి దాన్ని వాడితే వాదన అక్కడితో చెడుతుంది.)

మరిది: సారీ వదినా, మిమ్మల్ని అనలేదు. మాట వినపడనివాళ్ళనే ముందు కదుపుతారు అని చెప్పబోయాను.

వదిన: సరే. మరి ఇప్పుడు అయిదో తరగతిలో, ఆరో తరగతిలో ఉన్నవాళ్ళనైనా ఉన్నచోటే పూర్తి చెయ్యనిస్తే నీకేం అభ్యంతరం? కొత్త గీత కొత్తగా చేరేవాళ్ళకి పెట్టుకోమనండి.

మరిది: అభ్యంతరం లేదు, ఒక్క షరతు. ఉండనిస్తాం గానీ బస్సు ఇవ్వం అంటే మాత్రం కుదరదు. అప్పుడు ఇంట్లో రెండో కారూ, తొమ్మిదింటికి ఖాళీగా ఉండే మనిషీ ఉన్నవాళ్ళ పిల్లలే ఉండగలరు. మా కాంప్లెక్స్‌లో ఎంతమందికి కుదురుతుంది?

వదిన: బస్సు కూడా అడుగుదాంలే.

మరిది: మీరు అడగండి. మీరైతే ఓటరు.

వదిన: అడుగుతా. కానీ ముందు మా వీధిని కదపొద్దని చెప్పాకే నీ బస్సు సంగతి.